మీటరు నీళ్లు తాగదు

ఏదీ, ఇలా తే. ఇంకాస్త దగ్గరికి, కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో నాకే తెలీదు. ఓర్నీ! ఇంకా ఉందా ఇది? ఈ రేకు మీటల పెట్టె మూత లోపల బట్ట పట్టీ వేసి అంటించిన ఈ బుల్లి గింజ, ఒంటినిండా రంగు చారలూ... రెసిస్టరే కదా అంటారు దీన్ని? నాకు రావులే అమ్మడూ ఇవన్నీ, నేను చదివిందెంత, పుస్తకాల కొట్లో అట్టలు తుడుస్తూ చదివిందే ఎక్కువ. కానీ ఈ గింజ సంగతి మాత్రం నన్నడుగు. ఏంటీ, బోర్డు మీద దీని చోటు ఖాళీగా ఉందా? ఉంటుంది. దీన్ని తీసి అక్కడ అతికిస్తే పెట్టె మోగుతుందా? మోగుతుంది, ఎందుకు మోగదు? ఆగాగు, అప్పుడే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టేశావా? తొందరలో అచ్చం మీ తాతవి. సరే, అది వేడెక్కేలోపు చెప్పేస్తా, కూర్చో. ఆ తోలు సంచి మీద కూర్చోకు తల్లీ, అందులోది మల్టీమీటరు, కరెంటు కొలిచేది, దాని కథా ఇందులోదే.

మా బావ, అంటే మీ తాత, నువ్వు చూడలేదుగా, నీళ్ల ఆఫీసులో మీటర్లు చూసే గుమస్తా. ఇంటింటికీ తిరగడం, గోడవార గుంత మూత ఎత్తడం, వంగడం, అంకెలు చదివి రాసుకోవడం, మళ్లీ ఇంకో గుంత. వంగీ వంగీ ఆ మనిషి నిటారుగా నిలబడ్డా కింద పడిన చిల్లర ఏదో వెతుకుతున్నట్టే ఉండేవాడు. ఫొటో తీసేవాడు "పైకి చూడండి సార్, పైకి" అని ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయేది. ఎక్కడో ఓ ఇంటాయన "ఏమయ్యా గుమస్తా, మేం ఇన్ని నీళ్లు వాడితేగా, నీ మీటరే తాగేస్తోంది" అని దబాయించాడనుకో, అదిగో అప్పుడు నిలబడేవాడు నిటారుగా. గొంతు సవరించుకుని, "అయ్యా, మీటరు లెక్కపెడుతుంది. మీటరు నీళ్లు తాగదు" అనేవాడు. అంతే, ఇంకో మాట లేదు. ఇంట్లో కూడా అంతే. అన్నం తినేటప్పుడు మా అక్క "కాస్త రుచి చూడనా" అని ఆయన గిన్నెలో చెయ్యి పెడితే, "చూడు, కానీ తాగకు, మీటరులా ఉండు" అనేవాడు. ఇంకో నమ్మకం కూడా ఉండేది ఆయనకి. కారే కుళాయి ఉంది చూశావూ, గుమస్తా వస్తున్నాడని తెలిస్తే కారడం మానేస్తుందట. అందుకని అనుమానం ఉన్న ఇంటి ముందు ఈల వేసుకుంటూ, ఏమీ ఎరగనట్టు నడిచి వెళ్లిపోయి, చటుక్కున వెనక్కి తిరిగి కుళాయి వైపు చూసేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు. కుక్కలు మొరిగేవి. ఆయనకి పట్టేది కాదు.

అలాంటి మనిషికి, మీటర్లు చూసుకుంటూ పోతుంటే, ఓ సంగీతం సామాన్ల కొట్టు అద్దంలో సింథసైజర్, అదే కరెంటుతో మోగే హార్మోనియం లాంటిది, కనబడింది. కొట్టువాడు ఒక మీట నొక్కితే సన్నాయిలా, ఇంకోటి నొక్కితే పిల్లి తోక తొక్కినట్టూ వచ్చిందట. అంతే, మా బావ ఆ రోజు మిగతా వీధి మీటర్లు చూడలేదు. ఇంటికొచ్చి "నేనే చేస్తా" అన్నాడు. పాత పత్రికలో దాని లోపలి తీగల బొమ్మ ఒకటి సంపాదించాడు. ఆ లోపలి సంగతి నాకు నీళ్ల భాషలోనే చెప్పాడు, అందుకే ఇప్పటికీ గుర్తుంది. "ఏం లేదోయ్ బావమరిదీ, ఇందులో ఓ తొట్టి ఉంటుంది, కెపాసిటరంటారు. కరెంటు దాంట్లోకి వచ్చి నిండుతుంది, ఒలికిపోతుంది, మళ్లీ నిండుతుంది. అది గబగబా జరిగితే మోత. చిన్న తొట్టి అయితే సన్న గొంతు, పెద్ద తొట్టి అయితే బొంగురు గొంతు. మీటకో తొట్టి!" నేను "భలే" అన్నాను, ఏం అర్థమైనా కాకపోయినా. ఇంకో మాట కూడా అన్నాడు, "పత్రికవాడి బొమ్మలో ఓ చిన్న తప్పుంది, నేను సవరించా" అని. ఏం సవరణో అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. అదే మా కొంప ముంచింది.

మరి సామాను? సామాను ఎక్కడిదంటే, మా అక్క రేడియో. మీ అమ్మమ్మకి ఆ రేడియో అంటే ప్రాణం. మధ్యాహ్నం కథల కార్యక్రమం వచ్చేది, దాని ముందు ఓ బుల్లి రాగం, అలా అలా మెట్లెక్కి చివర్న టింగుమని ఆగేది. ఆ రాగం వినబడిందంటే అక్క పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, రేడియో ముందు బాసింపట్టు వేసేది. వీధిలో ఆడవాళ్లు కిటికీ దగ్గర చేరేవాళ్లు. మా బావ అదే రేడియోని, అక్క బజారుకెళ్లిన పూట, మొత్తం ఊడదీశాడు. స్పీకరు పీకాడు, తీగలు కత్తిరించాడు, పనికొచ్చేవి ఓ డబ్బాలో, పనికిరానివి ఇంకో డబ్బాలో. అక్క వచ్చేసరికి చెక్కపెట్టె ఒకటి మిగిలింది, ముందు జాలీ గుడ్డా, రెండు గుబ్బలూ, వెనకంతా ఖాళీ. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. ఆ ఖాళీ పెట్టె ఒళ్లో పెట్టుకుని, "ఆ రాగం ఈ ఇంట్లో మళ్లీ నా చెవిన పడిన రోజునే నేను మీతో నోరారా మాట్లాడేది" అంది. పక్కింటి రేడియోలో వినొచ్చుగా అని బావ గొణిగితే, "నా రేడియోని చంపి పక్కింటి రేడియోని పలకరించమంటారా?" అంది. అదే ఆఖరి మాట.

అక్కడి నుంచి మొదలైంది తమాషా. ఒక ఇంట్లో ఉంటూ మాట్లాడకుండా ఎలా? అక్క ఏం చేసిందంటే, ఆ ఖాళీ రేడియో పెట్టె బల్ల మీద పెట్టి, దాని వెనక ముక్కాలిపీట వేసుక్కూర్చుని, తల పెట్టెలో దూర్చి వార్తలు చదివేది! నవ్వకు, నిజం. "వార్తలు. చదువుతున్నది ఈ ఇంటి ఇల్లాలు. ముందుగా ముఖ్యాంశాలు. పంచదార నిండుకుంది. ముందు గది ట్యూబులైటు మినుకుమినుకుమంటోంది. గుమస్తా గారి చొక్కాకి నిన్న టంకం చుక్క పడి చిల్లు పడింది, ఆయన దాన్ని జేబుతో కప్పిపుచ్చే ప్రయత్నం చేసినట్టు తెలుస్తోంది." గొంతు కూడా మార్చేది, అచ్చు రేడియోలో ఆవిడలా, ముక్కుతో. మా బావ పిచ్చిమొహం వేసుకుని పెట్టె ముందు నిలబడి వినేవాడు. ఆయన ఏమన్నా జవాబు చెబితే, "వాతావరణం" అని మొదలుపెట్టేది. గుబ్బ తిప్పి ఆపాలని చూసేవాడు పాపం. ఓ గుబ్బ తిప్పితే గొంతు పెంచేది. ఇంకోటి తిప్పితే స్టేషను సరిగ్గా అందనట్టు గరగరమనేది. ఆ రేడియో ఆగేది మాత్రం కాదు. నేనప్పుడు వాళ్ల ముందు గదిలోనే మకాం, పుస్తకాల కొట్లో పని, సాయంత్రం త్వరగా ఇంటికొచ్చేసేవాణ్ణి ఆ వార్తల కోసం.

బావ మాత్రం లోలోపల నలిగిపోతున్నాడు. "తిట్టినా బాగుండేదోయ్, ఏవండీ అని పిలిచి తిట్టినా బాగుండేది" అనేవాడు నాతో. సెలవు పెట్టి మరీ ఆ పెట్టె చేశాడు. బిస్కెట్ల డబ్బా రేకు కత్తిరించి మీటలు చేశాడు. ఇదిగో ఇవే, చూడు, ఈ మీట మీద ఇంకా బిస్కెట్టు బొమ్మ సగం ఉంది. అంతా అతికించి, బ్యాటరీ తగిలించి, మీట నొక్కితే... ఏముంది, ఉలుకూ పలుకూ లేదు. ఊదాడు, తట్టాడు, తలకిందులు చేశాడు, బతిమాలాడు. ఊహూఁ. అప్పుడు పిలిచాం టంకం బాబాయిని.

టంకం బాబాయంటే, సందు చివర రేడియో రిపేర్ల కొట్టు. మనకేమీ చుట్టం కాదు, ఊరంతటికీ బాబాయే. కొట్టు వెనక గదిలో ఒక్కడే ఉండేవాడు, పొయ్యి దగ్గరే నిలబడి తినేసేవాడు, గిన్నె దించడం కూడా దండగ అనేవాడు. ఆయనకి ఈ మీటరంటే... ఎలా చెప్పనూ, చంటిబిడ్డని చూసుకున్నట్టు చూసుకునేవాడు. తోలు సంచిలో పెట్టి మెళ్లో వేసుకునేవాడు. అరువు ఇమ్మంటే ససేమిరా. "మీటరు కావాలంటే నన్ను కూడా తీసుకెళ్లు, మేమిద్దరం జంటగానే వస్తాం" అనేవాడు. వచ్చాడు. చివర పుల్లలున్న ఎర్ర తీగా నల్ల తీగా తీశాడు. బ్యాటరీ చూశాడు, బాగుంది. ట్రాన్సిస్టర్లు చూశాడు, బాగున్నాయి. టంకం అతుకులు చూశాడు, కొన్ని చూసి మొహం చిట్లించాడు గానీ బాగానే ఉన్నాయన్నాడు. చివరికి బావ ఓ మీట నొక్కిపట్టి ఉంటే, ఆ తొట్టి దగ్గర పుల్లలు ఆనించాడో లేదో, కుయ్యి! పెట్టె కూసింది. మేమందరం ఎగిరి గంతేశాం. బాబాయి పుల్ల తీశాడు. గప్‌చుప్. మళ్లీ పెట్టాడు. కుయ్యి. తీశాడు. నిశ్శబ్దం.

"చూశావా బాబాయ్, లోపమేం లేదు" అన్నాడు మా బావ. "మీటరు పెట్టి చూస్తే బాగానే పనిచేస్తోందిగా!" "మరి తీస్తేనో?" అన్నాడు బాబాయి. "తీస్తే చూడలేం కదా, ఎలా ఉందో ఏం తెలుస్తుంది?" ఇంక మా బావకి వెలిగింది. "ఇది కుళాయి బుద్ధి బాబాయ్! గుమస్తా వస్తే కారడం మానేస్తుందే, అలా ఇది మీటరుని చూసి మంచిపిల్లలా నటిస్తోంది. మనం లేనప్పుడు దాని అసలు రంగు బయటపడుతోంది. చెప్పా పెట్టకుండా పట్టుకోవాలి దీన్ని!" అని. నేనేమో, మీటరే ఏదో చేస్తోందేమో బావా, అన్నాను ఊరికే. నన్ను చూశాడు చూడు! "మీటరు లెక్కపెడుతుంది బావమరిదీ. మీటరు..." "తాగదు తాగదు" అన్నాను. బాబాయి కూడా మీటరుని దగ్గరికి లాక్కున్నాడు. తన మీటరుని ఎవరైనా అంటే ఆయనకీ గిట్టదుగా.

ఇంక ఆ తర్వాతి రోజులు చూడాలి. బాబాయి మీటరుని చొక్కా లోపల దాచుకుని పెరటి తలుపు నుంచి వచ్చేవాడు. మా బావ పెట్టె ముందు కూర్చుని, "ఈ రోజు బాబాయి రాడటలే" అని గట్టిగా పెట్టెకి వినబడేలా అనేవాడు. ఈల వేసేవాడు. బాబాయి పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, వెనక నుంచి చటుక్కున పుల్ల ఆనించేవాడు. కుయ్యి! "దొంగముండ, మళ్లీ కనిపెట్టేసింది" అని బావ తల పట్టుకునేవాడు. ఓసారి మీటరుకి తువ్వాలు చుట్టారు. ఓసారి నన్ను తలుపు దగ్గర దగ్గమన్నారు, దాని ధ్యాస మళ్లించడానికి. ఇద్దరు పెద్దమనుషులు, అమ్మడూ, ఓ రేకు పెట్టెని ఏమార్చాలని నేల మీద పాకుతున్నారు! మీటరు మీద గుబ్బ తిప్పితే గొంతు కూడా మారేది. పది మీద పెడితే మామూలు కుయ్యి. యాభై మీద పెడితే గేదె. రెండున్నర మీద పెడితే రైలు ఈల. "చూశావా, గద్దించేకొద్దీ గొంతు పెంచుతోంది, భయం దానికి" అనేవాడు మా బావ.

అక్క అన్నీ చూస్తూనే ఉంది. ఓ సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని మొదలుపెట్టింది, "వార్తలు. చదువుతున్నది ఈ ఇంటి ఇల్లాలు. పెరట్లో దొంగలా తిరుగుతున్న ఒక పెద్దాయన్ని చూసి పక్కింటావిడ కర్ర తీసుకున్నారు, తర్వాత బాబాయిగారని గుర్తుపట్టి కర్ర దించారు. ఒక విశేషం. పెట్టె కూసినప్పుడల్లా దానికి మీటరు తగిలించే ఉంటోందని మా విలేఖరి గమనించారు. తగిలించే ఉంచి వాయించుకుంటే తప్పేమిటని శ్రోతలు అడుగుతున్నారు. వార్తలు సమాప్తం." మేం ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అన్నాళ్లూ ఆ ఆలోచన ఒక్కడికీ రాలేదు! బావేమో "మీటరు కొలవడానికేగానీ..." అని నసిగాడు. బాబాయేమో మీటరు వదిలి వెళ్లనన్నాడు. చివరికి ఒప్పందం ఏమిటంటే, ఆదివారం మధ్యాహ్నం బాబాయి వచ్చి పుల్లలు పట్టుకుని కూర్చుంటాడు, బావ ఆ రాగం వాయిస్తాడు. అక్క పలుకుతుందా లేదా, అది తేలిపోవాలి.

ఆదివారం కిటికీ నిండా తలకాయలే. అక్క మాత్రం తన పెట్టె వెనకే కూర్చుంది, మొహం కనబడకుండా. బావ తలదువ్వుకుని, చిల్లు లేని చొక్కా వేసుకొచ్చాడు. బాబాయి ఎర్ర పుల్ల ఓ చోట, నల్ల పుల్ల ఓ చోట ఆనించి, తలూపాడు. మొదలైంది రాగం. కుయ్, కుయ్, కుయ్... సన్నాయీ కాదు, పిల్లీ కాదు, మధ్యలో ఏదో, కానీ రాగం రాగమే! మెట్లెక్కుతోంది, ఎక్కుతోంది, ఇంక చివరి టింగు. చూస్తే మీటలు అయిపోయాయి! ఆ పై గొంతుకి బావ దగ్గర రేకు లేదు. వేలు ఆఖరి మీట మీదే ఆగిపోయింది. ఆయన మొహం చూడలేకపోయాను నేను. అప్పుడు బాబాయి, ఆ రేడియోని ఎన్నిసార్లు రిపేరు చేశాడో ఆయన, ఆ రాగం ఆయనకీ కంఠతా, పుల్లలు రెండూ ఒక చేత్తో నొక్కిపట్టి, రెండో చేత్తో మీటరు గుబ్బ టక్కుమని పది నుంచి రెండున్నరకి తిప్పాడు. టింగ్! కిటికీలో చప్పట్లు. కానీ మా బావ చప్పట్లు వినట్లేదు, ఆ ఖాళీ పెట్టె వైపే చూస్తున్నాడు. పెట్టె గొంతు సవరించుకుంది. "వార్తలు..." అంది. ఆగింది. తర్వాత అక్క నెమ్మదిగా తల బయటికి తీసి, జుట్టు సవరించుకుని, "ఏవండీ, మూడో మీట తప్పు నొక్కారు" అంది.

అబ్బ, ఆ మనిషి ఆనందం! "నాతోనే! విన్నారా, నాతోనే అంది! ఏవండీ అంది! తప్పు నొక్కానంది!" అని కిటికీలో ప్రతి తలకాయకీ విడివిడిగా చెప్పాడు. నిటారుగా నిలబడి చెప్పాడు.

గింజ సంగతా? వస్తున్నా, వస్తున్నా. ఆ తర్వాత ఎప్పుడో బాబాయి ఆ పత్రిక బొమ్మని తీరిగ్గా చూసి, "గుమస్తాగారూ, ఇక్కడ తొట్టికీ నేలకీ, అదే ఎర్తుకీ, మధ్య రెసిస్టరు ఒకటి ఉండాలే, ఏదీ?" అన్నాడు. మా బావ మహా గర్వంగా, "అదా! అదే నేను సవరించిన తప్పు. చూడు బాబాయ్, తొట్టి అడుగున తూము పెట్టి నేలలోకి వదిలేస్తున్నాడు పత్రికవాడు. లీకేజీ! నీళ్ల ఆఫీసు మనిషిని, చూస్తూ ఊరుకుంటానా? మూసేశాను" అన్నాడు. బాబాయి కుర్చీలోంచి జారి నవ్వడం మొదలుపెట్టాడు. "తూము లేకపోతే తొట్టి ఖాళీ ఎలా అవుతుందయ్యా మహానుభావా? ఖాళీ కాకపోతే మళ్లీ ఏం నిండుతుంది? అందుకే అది మూగనోము పట్టింది. నేను పుల్ల పెడితే నా మీటరు లోపల్నుంచి కాస్త కాస్త కారి ఖాళీ అవుతోంది. నీ తూము నా మీటరేనయ్యా! మీటరు తాగుతోంది!" మా బావ కళ్లు తేలేశాడు. "తాగుతుందా? మీటరా?" అన్నాడు. "ఇదైతే కాస్త తాగుతుంది, నీ నీళ్ల మీటర్ల సంగతి నాకు తెలీదు" అన్నాడు బాబాయి. మా బావ రెండు రోజులు సరిగ్గా తిండి తినలేదు, తెలుసా? మూడో రోజు ఎవరో ఇంటాయన మళ్లీ ఆ పాత దబాయింపే దబాయిస్తే, మా బావ నిటారుగా నిలబడి, నోరు తెరిచి, "అయ్యా... ఓసారి చూద్దాం లెండి" అన్నాడట. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

ఈ గింజ ఆయన చొక్కా జేబులోనే ఉంది అన్నాళ్లూ. బాబాయి ఐరన్ వేడిచేశాడు, ఇక అతికించేద్దాం అని. నువ్విప్పుడు చేసినట్టే. మా బావ గింజ చేతిలో పట్టుకుని, పెట్టె వంక చూశాడు, బాబాయి వంక చూశాడు, ఇవ్వడు. అక్క మాటలు మొదలుపెట్టినా వార్తలు మాత్రం మానలేదు, సరదా పట్టేసిందిగా, పెట్టె వెనక్కి వెళ్లి కూర్చుంది. "ఇప్పుడే అందిన వార్త. తూము పని వాయిదా పడింది. కారణాలు తెలియరాలేదు. ఆదివారం మధ్యాహ్నం కార్యక్రమం యథావిధిగా ఉంటుంది. బాబాయిగారు భోజనం ఇక్కడే చేస్తారు, కూర్చుని." బాబాయి ఐరన్ ప్లగ్గు పీకేశాడు. మా బావ ఈ బట్ట పట్టీ చింపి, గింజని ఇలా మూత లోపల అంటించాడు, "ఎక్కడికీ పోదులే, ఇక్కడే ఉంటుంది" అని. అలా ఎన్నాళ్లు నడిచిందో ఆ ఆదివారాల కచేరీ. బావ మీటలూ, బాబాయి గుబ్బా, ఎప్పుడూ మూడో మీట తప్పే, అక్క ఎప్పుడూ ఆ మాటే.

బావ పోయాక వచ్చిన మొదటి ఆదివారం, ఎవరూ పిలవలేదు, బాబాయి మధ్యాహ్నం వేళకి మీటరు మెళ్లో వేసుకుని వచ్చాడు. పెట్టె మూత తీసి, పుల్లలు ఆనించి, కూర్చున్నాడు. మీటల దగ్గర ఎవరున్నారు మరి? అక్క లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, బావ స్టూలు మీద కూర్చుంది. రాగం మొత్తం వాయించింది. ఆవిడకి రాదనుకునేవు, ఒక్క తప్పు లేకుండా వచ్చు. మూడో మీట దగ్గర మాత్రం ఆగి, మా బావ నొక్కినట్టే, పక్కది నొక్కింది. చివర్న బాబాయి గుబ్బ తిప్పాడు. వెళ్లేటప్పుడు ఆ మీటరు మెళ్లో వేసుకోలేదు. బాబాయ్ మర్చిపోయావు అని నేను వీధిలోకి పరిగెత్తితే, "ఉండనీరా, అక్కడే ఉండనీ" అని...

ఏంటలా చూస్తున్నావ్? ఆ ఐరన్ నుంచి పొగలొస్తున్నాయి చూడు. ముందు ప్లగ్గు పీకు.